ఆగి ఆగి నడిచే యంత్రం

పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడం కంటె అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే యంత్రాన్ని బాగుచేయడం కష్టం. మొదటిది తన లోపాన్ని ఎల్లవేళలా చూపుతూనే ఉంటుంది. రెండవది మరమ్మతు చేసేవాని ముందు బుద్ధిగా నడుస్తుంది. అతడు గడప దాటగానే మళ్ళీ నిలిచిపోతుంది. వైద్యులకు ఇటువంటి జబ్బులు కొత్త కావు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం రోగి ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోయి ఉండవచ్చు. లక్షణం కనిపించని వేళ కారణాన్ని వెదకవలసి రావడమే ఇటువంటి రుగ్మతలలోని చిక్కు. లినక్సుతో నడిచే కంప్యూటరు ఉన్నట్టుండి మందగించడం, కొంతసేపటికి తనంతట తానే తేరుకోవడం ఈ కోవకు చెందిన సమస్యే.

లక్షణం వేరు, కారణం వేరు అన్న సత్యం అమరావతి ప్రాంతపు రైతుకు బాగా తెలుసు. కృష్ణానది కుడిగట్టున, ప్రాచీన బౌద్ధ స్తూపంతో ప్రసిద్ధికెక్కిన ఈ ఊరి చుట్టూ గుంటూరు, ప్రకాశం సీమల వరకు పరుచుకొన్న నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. మిరప ఆకు ముడుచుకోవడం చూడగానే అనుభవజ్ఞుడైన రైతు మందు కోసం పరుగెత్తడు. ఆకును చేతిలోకి తీసుకొని చూస్తాడు. అంచులు పైకి ముడుచుకొంటే అది తామరపురుగుల పని. కిందికి ముడుచుకొంటే నల్లి పని. మొదటిది పైముడత, రెండవది కిందిముడత. ఒకదానికి చల్లే మందు రెండవదానికి పనిచేయకపోవచ్చు. 2021లో కొత్తరకపు నల్లతామర పురుగు మిరప తోటలపై విరుచుకుపడింది. అది పూలలో గుంపులుగా చేరి పూతను రాల్చివేసింది. అలవాటైన మందులను మార్చి మార్చి చల్లినా లొంగలేదు. పెట్టుబడి పెరిగింది, దిగుబడి పడిపోయింది. శత్రువెవరో తెలియకుండా చేసే యుద్ధం ఎంత ఖరీదైనదో ఆ ఏడాది తెలిసివచ్చింది.

పొలంలో జరిగే ఈ పొరపాటు కంప్యూటరు ముందు కూడా జరుగుతుంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్సు కలిసి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల, విప్పి చూడగల, మార్చుకోగల వ్యవస్థను లోకానికి ఇచ్చాయి. తెలుగునాట ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు దానిని తెలుగులో అందించేందుకు కృషిచేశాయి. పాతబడిన యంత్రంపై కూడా నడుస్తుంది కనుక, కొత్తది కొనే స్తోమత లేని ఇళ్ళకు లినక్సు ఆసరా అయింది. అటువంటి ఇంటిలో ఒక విద్యార్థిని ఉపకారవేతనానికి దరఖాస్తు నింపుతోందని అనుకుందాం. గడువు ఆ రాత్రితో ముగుస్తుంది. తెర బిగుసుకుపోతుంది. మౌసు కదలదు. నొక్కిన అక్షరం నిమిషం తరువాత కనిపిస్తుంది. కాసేపటికి ఏమీ జరగనట్టు అంతా మామూలవుతుంది. మళ్ళీ పావుగంటకు అదే తంతు.

అప్పుడు సలహాలకు కొదవ ఉండదు. వైరస్ పట్టిందని ఒకరు, లినక్సే మంచిది కాదని మరొకరు, యంత్రం పాతదైపోయింది కనుక వచ్చినకాడికి అమ్మివేయమని ఇంకొకరు అంటారు. మరమ్మతుదారు అంతా చెరిపివేసి వ్యవస్థను కొత్తగా ఎక్కిస్తాడు. ఆ తొందరలో ఇంటివారి ఫోటోలు, పాఠాలు పోవచ్చు. వారం తిరక్కుండానే పాత జాడ్యం తిరిగి రావచ్చు. ఊహను నిర్ణయంగా స్వీకరించిన ఫలితం ఇది.

మలేరియా అన్న పేరే అటువంటి ఊహకు నిలువెత్తు నిదర్శనం. ఇటలీ భాషలో ఆ మాటకు చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుండి వీచే గాలి వలన జ్వరం వస్తుందని శతాబ్దాల పాటు జనం నమ్మారు. ఆ ఊహకు తెరదించడంలో తెలుగు నేలకూ పాత్ర ఉంది. సికింద్రాబాదులో సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. రోగిని కుట్టిన దోమ కడుపులో, 1897 ఆగస్టు 20న, అతనికి మలేరియా క్రిమి కనిపించింది. 1902లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. ఎక్కడ చూడాలో, ఎప్పుడు చూడాలో తెలుసుకొని, ఓపికగా చూడడమే ఆయన విజయ రహస్యం.

కంప్యూటరు విషయంలోనూ మొదట వేయవలసిన ప్రశ్న ‘ఎందుకు?’ కాదు, ‘ఎప్పుడు?’ మందగమనం ఏ వేళ మొదలైంది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏ పనులు నడుస్తున్నాయి అన్న సంగతులను కాగితంపై రాసుకోవాలి. ప్రతిరోజూ ఒకే వేళకు వస్తే, ఆ వేళకు తమంతట తామే మొదలయ్యే పనులను అనుమానించాలి. ఫైళ్ళ జాబితా తయారుచేయడం, కొత్త మార్పులను దింపుకోవడం అటువంటివి. మధ్యాహ్నపు ఎండలోనే వస్తే వేడిని, బ్రౌజరులో చాలా పుటలు తెరిచినప్పుడే వస్తే జ్ఞాపకశక్తిని పరిశీలించాలి.

ఇక సాక్షులు కావాలి. నడుస్తున్న పనులలో ఏది ఎంత శ్రమ తీసుకొంటున్నదో ‘టాప్’ అనే ఉపకరణం చూపుతుంది. దానిని ముందే తెరచి ఉంచాలి. యంత్రం బిగుసుకొన్న తరువాత దానిని తెరవడమే కష్టం. ‘వీఎంస్టాట్’ అనే మరొక ఉపకరణాన్ని అయిదు సెకండ్లకు ఒకసారి ఒక వరుస చొప్పున ఫైలులో రాయమని ఆదేశించవచ్చు. మనిషి లేనప్పుడు కూడా అది కావలి కాస్తుంది. వ్యవస్థ తన దినచర్యను స్వయంగా రాసుకొంటుంది కూడా. ‘జర్నల్‌సీటీఎల్’ అన్న ఆదేశంతో ఆ దినచర్యను తెరచి, కాగితంపై రాసుకొన్న వేళకు అందులో ఏమున్నదో సరిపోల్చుకోవచ్చు.

సాక్ష్యాన్ని చదవడంలోనూ జాగ్రత్త అవసరం. ర్యామ్‌లో ఖాళీ చాలా తక్కువగా కనిపించగానే కంగారుపడనక్కరలేదు. వాడకంలో లేని చోటును వృథా పోనీయకుండా, డిస్కు నుండి చదివిన సమాచారాన్ని లినక్సు అక్కడ దాచుకొంటుంది. అవసరమైనప్పుడు ఆ చోటును వెంటనే విడిచిపెడుతుంది. చూడవలసింది ఖాళీగా ఉన్నది ఎంత అని కాదు, అందుబాటులో ఉన్నది ఎంత అని. అదే విధంగా లినక్సు చూపే సగటు భారంలో ప్రాసెసర్ కోసం వేచి ఉన్న పనులతోపాటు డిస్కు కోసం వేచి ఉన్న పనులూ చేరతాయి. అందువలన భారం ఎక్కువగా ఉండి ప్రాసెసర్ మాత్రం తీరికగా కనిపిస్తే, అడ్డంకి డిస్కు వద్ద ఉన్నదని అర్థం.

అందుబాటులోని ర్యామ్ నిజంగానే అడుగంటితే, తక్షణం అవసరం లేని సమాచారాన్ని వ్యవస్థ డిస్కులోని ‘స్వాప్’ అనే చోటికి తరలిస్తుంది. ర్యామ్‌కూ పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్కుకూ వేగంలో సుమారు లక్ష రెట్ల తేడా ఉంది. ర్యామ్ నుండి ఒక వస్తువు తేవడానికి ఒక నిమిషం పడుతుందనుకొంటే, ఆ డిస్కు నుండి తేవడానికి దాదాపు 69 రోజులు పడుతుంది. తెర బిగుసుకుపోవడంలో ఆశ్చర్యమేముంది! ఇక్కడ దోషం ప్రాసెసర్‌ది కాదు, లినక్సుది కాదు. కొన్ని పుటలు మూసివేయడమో, కొద్దిపాటి ఖర్చుతో ర్యామ్ పెంచడమో దీనికి చికిత్స. డిస్కే పాడైపోతూ, చదివిన చోటనే మళ్ళీ మళ్ళీ చదవవలసి వస్తుంటే ఆ సంగతి ‘స్మార్ట్‌సీటీఎల్’ చెబుతుంది. అప్పుడు మొదటి పని మరమ్మతు కాదు. ఫైళ్ళను వేరొకచోట భద్రపరచడం.

ఈ మైదానాలలో మరొక కారణాన్ని మరువరాదు. వేసవిలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పత్తి నూగు, మిరప దుమ్ము, వీధి ధూళి కలిసి యంత్రంలోని పంకాను, లోహపు రెక్కలను కప్పివేస్తాయి. వేడి హద్దు మీరినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకొనేందుకు వేగాన్ని తగ్గించుకొంటుంది. వేడిని కొలిచే ‘సెన్సార్స్’ ఆదేశం ఈ గుట్టును బయటపెడుతుంది. విద్యుత్తు తీసివేసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా జాడ్యం తీరవచ్చు.

ఏ కారణాన్ని అనుమానించినా ఒకసారి ఒకే మార్పు చేయాలి. దుమ్ము దులిపి, ర్యామ్ పెంచి, వ్యవస్థను మార్చి, అన్నీ ఒకేరోజు చేస్తే యంత్రం బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. అయిదారు మందులు కలిపి కొట్టిన రైతుకు ఏ మందు పనిచేసిందో తెలియనట్లే. మళ్ళీ జబ్బు వస్తే మళ్ళీ అంత ఖర్చూ తప్పదు.

సామాన్యుని తెర ముందు కలిగే ఈ ఇబ్బంది నిపుణులను కూడా ఆలోచింపజేసింది. ఆస్ట్రేలియాలో మత్తుమందు వైద్యుడైన కాన్ కొలివాస్ వృత్తిరీత్యా కంప్యూటరు నిపుణుడు కాడు. లినక్సు పెద్ద యంత్రాల అవసరాలనే పట్టించుకొంటూ ఇంటిలో వాడేవారి అనుభవాన్ని విస్మరిస్తోందని ఆయన భావించాడు. పనులన్నింటికీ ప్రాసెసర్ సమయాన్ని న్యాయంగా పంచే పద్ధతిని స్వయంగా రాశాడు. 2007లో ఇంగో మోల్నార్ రాసిన మరొక పద్ధతి లినక్సులో చేరింది. అయితే న్యాయమైన పంపకం సాధ్యమని నిరూపించిన ఘనత కొలివాస్‌దేనని మోల్నార్ అంగీకరించాడు. 2018 చివరలో వచ్చిన 4.20 కూర్పులో, ప్రాసెసర్, ర్యామ్, డిస్కులలో దేని కోసం పనులు ఎంతసేపు ఆగిపోతున్నాయో కొలిచి చూపే సదుపాయం చేరింది. చిరాకుగా మాత్రమే ఉన్న అనుభవం ఆ విధంగా అంకెలలోకి వచ్చింది.

లినక్సు తన లోపలి సంగతులను ఎవరి నుండీ దాచదు. అడిగినవారికి తన వేడిని, బరువును, దినచర్యను చూపుతుంది. అడగడానికి డబ్బు అక్కరలేదు; పెద్ద చదువూ అక్కరలేదు. కావలసినది ఒక కాగితం, ఒక కలం, మందగించిన క్షణంలో విసుగుకు లొంగక తెరవైపు చూడగల నిబ్బరం. ఈ నిబ్బరం ఉన్న విద్యార్థిని చేతిలో పాత యంత్రం మరికొన్నేళ్ళు నడుస్తుంది. యంత్రాలనే కాక, తప్పు ఎవరిదో తేలకముందే తీర్పు చెప్పే మాటలను సైతం ఆమె అదే నిదానంతో పరిశీలించడం నేర్చుకొంటుంది.