ఉమ్మడి సంచితో బుఖారా దాకా

ఒక వ్యక్తి మంచివాడని సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి) కొన్ని ప్రశ్నలు అడిగారని పెద్దలు చెబుతారు. అతని పొరుగున నివసించావా, అతనితో డబ్బు వ్యవహారం నడిపావా, అతనితో కలిసి ప్రయాణం చేశావా అని. అన్నిటికీ లేదన్న జవాబే వచ్చేసరికి, అయితే అతణ్ణి నీవు ఎరుగవని చెప్పి పంపివేశారట. మేమూ, మా మిత్రుడూ గుంటూరులో నలభై ఏళ్ళుగా ఒకే వీధిలో ఉంటున్నాము. చేబదుళ్ళు ఇచ్చిపుచ్చుకున్నాము. మిగిలింది ప్రయాణం ఒక్కటే. 2019 అక్టోబరులో అదీ జరిగింది.

ఉజ్బెకిస్తాన్ చూడాలన్న కోరిక మిత్రునిది. ఉర్దూ ఉపాధ్యాయునిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడు. పిల్లలకు హదీసు చెప్పినప్పుడల్లా నోట పలికే ‘బుఖారీ’ అన్న పేరు వెనుక ఉన్న ఊరు ఎలా ఉంటుందో చూడాలని అతను ఏళ్ళ తరబడి అనుకుంటూ ఉన్నాడు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) హిజ్రీ 194లో బుఖారాలో జన్మించారు. హిజ్రీ 256లో సమర్‌ఖండ్ సమీపంలోని ఖర్తంగ్ అనే పల్లెలో కన్నుమూశారు. ఆయన పుట్టిన ఊరి నుంచి సమాధి ఉన్న పల్లె దాకా రైళ్ళలో వెళ్ళాలి, అదీ మా స్తోమతుకు మించకుండా వెళ్ళాలి. ఇదే మా పథకం. భారతీయులకు 20 డాలర్ల రుసుముతో ఇంటి దగ్గరి నుంచే వీసా తీసుకునే వీలు అప్పటికి ఏడాదిగా ఉంది. ఢిల్లీ దాకా మన రైలు, అక్కడి నుంచి తాష్కెంట్‌కు విమానం. విమానం దిగేసరికి తలకు 300 డాలర్లు, ముందు ఎనిమిది రోజులు.

ముగ్గురు ప్రయాణానికి బయలుదేరితే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మేము ఇద్దరమే అయినా మిత్రుణ్ణి డబ్బుకు అమీరును చేశాము. ఇద్దరి డాలర్లూ ఒకే గుడ్డసంచిలోకి చేరాయి. వాటితోపాటు ఒక చిన్న నోటు పుస్తకం. డాలరుకు తొమ్మిది వేల పైచిలుకు సోములు వచ్చేవి. అన్ని నోట్లు చేతికి రాగానే మాకు ధనవంతులమైనట్లు అనిపించింది. మిత్రునికి అలా అనిపించలేదు. తాష్కెంట్‌లో కొన్న మొదటి నీళ్ళ సీసాను ఖాళీ అయ్యాక పారవేయనివ్వలేదు. బసలో నీళ్ళు కాచి చల్లార్చి అందులోనే నింపుకున్నాడు. మేము నవ్వాము. ఆ సీసా సంగతి తరువాత చెబుతాము.

తాష్కెంట్ నుంచి సమర్‌ఖండ్ మీదుగా బుఖారాకు ‘అఫ్రాసియాబ్’ అనే వేగపు రైలు ఉంది. మేము ఎక్కినది మాత్రం రాత్రి రైలు, అందులోనూ ‘ప్లాట్స్‌కార్ట్’ అనే చవక తరగతి. మన స్లీపరు పెట్టెకు అది దగ్గరి బంధువు. తలుపులు లేని తొమ్మిది అరలు, ఒక్కో అరలో నాలుగు బెర్తులు, నడవాకు అవతల పక్కగా రెండు. వెరసి 54. మన పెట్టెలో 72 మంది పట్టే చోట అక్కడ మధ్య బెర్తు ఉండదు కాబట్టి ఊపిరి ఆడుతుంది. మన పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు, వారివి రష్యా కొలతల ప్రకారం 1520. అయినా పెట్టె ఇరుకనిపించలేదు. ఉతికిన దుప్పటి, తలగడ గలేబు ఇస్తారు. పెట్టెకొక మహిళా ఉద్యోగి ఉంటుంది. పెట్టె చివర ‘టైటాన్’ అనే పెద్ద మరుగు నీళ్ళ బాయిలరు ఉంటుంది. ఆ నీళ్ళకు డబ్బు ఇవ్వనక్కరలేదు. మిత్రుడు ఇంటి నుంచి తెచ్చిన టీపొడి పొట్లం విప్పిన క్షణంలో అతనంత దూరదృష్టి గలవాడు లేడనిపించింది.

అయితే అతడు కొన్నవి పెట్టె చివర, మరుగుదొడ్డి పక్కన, నడవాలోని పై బెర్తులు. అన్నింటిలోకీ చవక. మాకు మోకాలి నొప్పి ఉంది. ఎక్కడానికి నిచ్చెన లేదు, కమ్మీ మీద కాలు మోపి ఎగబాకాలి. బెర్తు పొడవు చాలక పాదాలు బయటికి వేలాడాయి. మరుగుదొడ్డి తలుపు తెరిచినప్పుడల్లా చప్పుడు. ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, అది మనిషికి అన్నపానాలనూ నిద్రనూ దూరం చేస్తుందనీ హదీసులో ఉన్న మాటను ఆ రాత్రి కన్ను మూత పడకుండానే నేర్చుకున్నాము. మిత్రుడు మాత్రం హాయిగా గురక పెట్టాడు. అది మరింత కష్టం కలిగించింది.

ఫజ్ర్ వేళకు దిగి చూస్తే మరుగుదొడ్డికి తాళం. నవాయి స్టేషను వస్తోంది. ఆ పాత పెట్టెల్లో మురుగు నేరుగా పట్టాల మీదికే పోతుంది కనుక, ఊరు రాకముందు తాళం వేసి, ఊరు దాటిన తరువాత గాని తీయరు. చేతులు కడుక్కునే కొళాయి కూడా ఆ తలుపు లోపలే ఉంది. బండి నవాయిలో నిలిచింది, కదలలేదు. కిటికీ అవతల తూరుపు తెల్లబడుతోంది. తయమ్ముమ్ చేద్దామా అంటే, మరుగుతున్నవైనా బాయిలరులో నీళ్ళు ఉన్నాయి కదా అన్న సందేహం. అప్పుడు మిత్రుడు తలగడ కింది నుంచి ఆ సీసా తీశాడు. నిండుగా ఉంది. “దైవప్రవక్త (స) ఒక ముద్ నీళ్ళతో వుజూ పూర్తి చేసేవారు భాయ్. మనం చూడబోతున్న పెద్దాయన గ్రంథంలోనే ఉంది ఆ హదీసు” అన్నాడు. రెండు చేతులు కలిపి పట్టిన ఒక దోసిలి నిండినంత కొలత అది. సీసాలో అంతకు కాస్త ఎక్కువే ఉన్నాయి. ఆయనకు ఒక్కరికి సరిపోయిన కొలతలో మేము ఇద్దరం ఒదగాలి. పెట్టె ఉద్యోగిని చూస్తూ ఉండి, ఏమీ అనకుండా ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి కింద పెట్టింది. చుక్క చుక్క లెక్క చూసుకుని ముగించాము. బాయిలరు పక్కన ఉన్న కొద్ది చోటులో ఒకరి తరువాత ఒకరం నిలబడ్డాము. నవాయి దాటిన తరువాత రైలు నైరుతిగా సాగుతుంది. ఖిబ్లా కూడా దాదాపు అటే. బండి మమ్మల్ని ఖిబ్లా వైపే తీసుకువెళుతున్న ఆ రెండు రకాతుల నమాజు ఇప్పటికీ గుర్తుకు వస్తూ ఉంటుంది.

బుఖారాకు టిక్కెట్టు కొన్నవాడు బుఖారాలో దిగడు. దిగేది కాగాన్‌లో. అక్కడి నుంచి ఊరు పది కిలోమీటర్లకు పైనే. రష్యన్లు 1880లలో రైలు మార్గం వేస్తున్నప్పుడు బుఖారా అమీరు దానిని నగరం పొలిమేరకు రానివ్వలేదు. పొగ కక్కే ఆ బండిని ప్రజలు ‘శైతాన్ అర్బా’, అంటే సైతాను బండి, అని పిలిచేవారట. ఆనాటి భయానికి ఈనాటికీ ప్రయాణికులు టాక్సీ కిరాయి చెల్లిస్తున్నారు. మిత్రుడు మాత్రం చెల్లించనన్నాడు. టాక్సీవాడు చెప్పిన ధర అన్యాయమని తేల్చి, సామాన్లతో ఎండలో ముప్పావు గంట నిలబెట్టి, జనంతో కిక్కిరిసిన చిన్న వ్యాను ఎక్కించాడు. రాత్రంతా నిద్ర లేదు. మోకాలు వాచింది. మేము మాట్లాడలేదు, కాని లోపల లెక్క రాసుకున్నాము. నోటు పుస్తకం ఆయన ఒక్కడి దగ్గరే ఉందనుకోవడం పొరపాటు.

బుఖారా అందం గురించి రాయడానికి ఇంకొకరు కావాలి. 1127లో కట్టిన కల్యాన్ మినారు ఎదుట నిలిచాము. దాని నీడలోనే మీర్ అరబ్ మదరసా. సోవియట్ పాలనలో వేల మసీదులు మూతపడిన కాలంలో కూడా, రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక తెరుచుకుని దీనీ విద్య నేర్పిన అరుదైన చోటు. ఇప్పటికీ విద్యార్థులు ఉన్నారు. ఇవన్నీ చూశామా అంటే చూశాము, కాని ఆ సాయంత్రం మనసు అక్కడ లేదు. కారణం ఒక టోపీ.

పాత బజారులో దారులు కలిసే చోట గుమ్మటాల కింద అంగళ్ళు ఉంటాయి. వాటిలో ఒకటి పేరుకే టోపీల అంగడి. మిత్రుడు వుజూకు వెళుతూ సంచి మా చేతికి ఇచ్చాడు. నల్లని గుడ్డ మీద తెల్లని దారంతో కుట్టిన నాలుగు మూలల ‘దోప్పీ’ కంటబడింది. మనవడు గుర్తుకు వచ్చాడు. బేరమైనా ఆడకుండా సంచిలోంచి డబ్బు తీసి కొనేశాము. మిత్రుడు తిరిగి వచ్చి నోట్లు ఎంచుకుని, “ఇది అమానతు కదా భాయ్, ఒక్క మాట అడిగితే ఏమయ్యేది?” అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచింది మేమే. పిసినారితనంతో ప్రయాణాన్ని శిక్షగా మార్చావన్నాము. మోకాలి నొప్పి, పై బెర్తు, కాగాన్ ఎండ అన్నీ ఏకరువు పెట్టాము. నవాయి దగ్గరి నీళ్ళ సీసా మాత్రం గుర్తు రాలేదు. ఆయన సంచిని మా ముందు పెట్టి, ఇకమీదట మీరే అమీరు అన్నాడు. మేము ముట్టుకోలేదు. ఆ రాత్రి అది రెండు మంచాల మధ్య బల్ల మీదే ఉండిపోయింది.

మరునాడు ‘షర్క్’ అనే పగటి రైలులో సమర్‌ఖండ్‌కు బయలుదేరాము. షర్క్ అంటే తూర్పు. ఎదురెదురు సీట్లలో ఇద్దరం, చెరొక కిటికీ చూపు. పత్తి చేలు గడిచిపోతున్నాయి, తీత కాలం. పత్తి చేను చూస్తే గుంటూరు వాళ్ళకు ఏదో ఒకటి మాట్లాడాలనిపిస్తుంది. ఆ రోజు ఎవరమూ మాట్లాడలేదు.

మిత్రుని పక్కన తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు కూర్చున్నారు. సలాం చెప్పి, “హిందిస్తాన్?” అని అడిగారు. ఆ దేశంలో ఈ ప్రశ్న తరువాత రాజ్‌కపూర్ పేరు రావడం మాకు అలవాటైపోయింది. ఆయన మాత్రం ‘ముసాఫిర్’ అని తనలో తాను అనుకుని, మూట విప్పి గుండ్రని రొట్టె తీశారు. అక్కడ రొట్టెను ‘నోన్’ అంటారు. కత్తితో కోయరు, బోర్లా పెట్టరు, అంత గౌరవం. దాన్ని రెండు చేతులతో విరిచి ఒక సగం ఆయనకూ ఒక సగం మాకూ ఇచ్చారు. తనకు ఉంచుకోలేదు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా తీసుకోవడం గమనించారో ఏమో, వేలితో ఇద్దరినీ చూపి, “దోస్త్?” అన్నారు.

ఉజ్బెక్ భాషలోనూ అదే మాట, అదే అర్థం. అనువాదం చేసుకునే నెపంతో కాస్త ఆలోచించే వీలు కూడా దొరకలేదు. మేము నోరు తెరిచేలోపు మిత్రుడే “దోస్త్” అన్నాడు. మేమూ అన్నాము. ఆ తరువాత మౌనం కొనసాగించడం అబద్ధమాడినట్లే అవుతుంది. “తప్పు మాదే, భాయ్. అడగవలసింది” అన్నాము. ఆయన జవాబుగా సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశాడు. పెద్దాయనకు బలవంతాన సగం రొట్టె తిరిగి ఇచ్చి, దాని అంచుకు కాస్త పచ్చడి రాశాము. నోట పెట్టుకున్న ఆయనకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, దగ్గుతూనే నవ్వారు, ఇంకొంచెం అన్నట్లు చేయి చాపారు. పెట్టెలో సగం మంది మా చుట్టూ చేరారు.

సమర్‌ఖండ్ రెగిస్తాన్ మైదానంలో మూడు వైపులా మూడు మదరసాలు. 1420 నాటి ఉలూగ్ బేగ్ మదరసా వాటిలో పాతది. ఆ ప్రాంతంతో మన నేలకూ ఒక బంధుత్వం ఉంది. ఆసఫ్‌జాహీల వంశ మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖండ్ దగ్గరి గ్రామంలో పుట్టినవాడు. 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి దెబ్బకు మరణించాడు. హైదరాబాదు శివారున హిమాయత్‌సాగర్ సమీపంలో ఆయన సమాధి ఉంది. ఆయన గుర్రం మీద వచ్చాడు, మేము పై బెర్తు మీద వెళ్ళాము.

ఖర్తంగ్‌కు ఇంకో ఇద్దరితో కలిసి టాక్సీ మాట్లాడుకున్నాము. ఈసారి మిత్రుడు బేరం ఆడలేదు, మా మోకాలి వైపు చూసి ఎక్కి కూర్చున్నాడు. పదహారేళ్ళ వయసులో తల్లితోనూ అన్నతోనూ హజ్‌కు వెళ్ళి, అక్కడే చదువు కోసం ఆగిపోయి, మక్కా, మదీనా, బస్రా, బగ్దాద్, నీషాపూర్ అని దేశాలు తిరిగిన ఇమామ్ బుఖారీ ప్రయాణాలను మిత్రుడు దారి పొడవునా చెబుతూ వచ్చాడు. ఒకసారి చేతిలో డబ్బు అయిపోయి, ఎవరినీ అడగలేక ఆకులు తిని గడిపారట. చివరికి సొంత ఊరి పాలకుడు తన పిల్లలకు ప్రత్యేకంగా చదువు చెప్పడానికి భవనానికి రమ్మంటే, విద్య కావలసినవారే దాని దగ్గరికి రావాలని నిరాకరించి, ఊరు వదలవలసి వచ్చింది. ఆ దారిలోనే ఈ పల్లెలో బంధువుల ఇంట, ఈదుల్ ఫిత్ర్ రాత్రి ప్రాణం విడిచారు.

నీలి గుమ్మటం, చుట్టూ తోట, ఎంతో నిశ్శబ్దం. సలాం చెప్పి, ఆయన కోసం దుఆ చేసి, మసీదులో జుహ్ర్ ఖస్ర్ చేసుకున్నాము. నలభై ఏళ్ళ కోరిక తీరిన మనిషి ఏమంటాడో విందామని చూశాము. మిత్రుడు ఏమీ అనలేదు. వుజూ కొళాయి దగ్గర పాత సీసాను కడిగి నింపుకున్నాడు.

తాష్కెంట్‌కు తిరుగు ప్రయాణం అఫ్రాసియాబ్‌లో జరిగింది. టిక్కెట్లు ఎప్పుడు కొన్నాడో మాకు తెలియదు. కాగాన్‌లోనూ ఆ తరువాతా మిగిల్చిన డబ్బంతా దీనికేనని అప్పుడు చెప్పాడు. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటిన వేగంలో, కాళ్ళు చాపుకుని, రెండు గంటల పైచిలుకులో వచ్చేశాము. అంతకు ముందే చెప్పి ఉంటే పోట్లాటే ఉండేది కాదు కదా అన్నాము. చెప్పి ఉంటే కాగాన్‌లోనే టాక్సీ ఎక్కేవారు అన్నాడు. అది నిజమే.

విమానాశ్రయంలో లెక్క తేల్చుకున్నాము. బసలవారు ఇచ్చిన నమోదు చీటీలు, రాత్రి రైలు టిక్కెట్లు తారీఖుల వరుసలో పిన్ను గుచ్చి ఉన్నాయి, దేశం విడిచేటప్పుడు అధికారులు ఎన్ని రాత్రులు ఎక్కడ గడిపారని అడగవచ్చని. మిగిలింది తలకు 23 డాలర్లు. పుస్తకం మేము స్వయంగా తిరగేశాము. టోపీ ఖర్చు ఉమ్మడి లెక్కలో కనిపించలేదు, మా వాటాలోనూ లేదు. ఆయన సొంత వాటా కింద, చిన్న ఉర్దూ అక్షరాలతో, ‘హదియా, పిల్లవాడికి’ అని రాసి ఉంది.

ఇంటికి వచ్చి చూస్తే టోపీ మనవడి చెవుల మీదికి జారింది. చూడవచ్చిన మిత్రుడు దాని చుట్టుకొలతను, వాడి తలను చేత్తో కొలిచి, రెండేళ్ళ తరువాత సరిపోతుందనీ, కాబట్టి డబ్బు వృథా కాలేదనీ తేల్చాడు.