మూలనున్న బాతు

బొమ్మ కార్డుల్లో ఒక సుఖం ఉంది. వెనక రాయడానికి నాలుగు వేళ్ళంత చోటే గనక, "క్షేమం, చలి ఎక్కువ" అని రాసి ఊరుకోవచ్చు. తక్కిందంతా బొమ్మే చెప్పుకోవాలి. మా అక్కయ్య కూతురు నార్వే నుంచి పంపిన కార్డూ అలాంటిదే. "పిన్నీ, ఇవి ఈడర్ బాతులు. నీకు నచ్చుతాయి" అన్న రెండు ముక్కలు వెనక, బాతుల జంట ముందు.

బొమ్మ వేసినాయన మగబాతుకి ముప్పాతిక కార్డు ఇచ్చేశాడు. ఇవ్వడా మరి! తెల్లని వీపు, నల్లని పొట్ట, మెడ వెనక లేత ఆకుపచ్చ, రొమ్ము మీద గులాబి జీర... అచ్చం పెళ్ళికొడుకే. ఆడబాతు ఓ మూల రాళ్ళ మధ్య, ఎండుగడ్డి రంగులో కూర్చునుంది. ఉందని చెబితే తప్ప కనపడదు. కనపడకపోవడమే ఆవిడకి రక్ష. గుడ్లమీద కూర్చున్న తల్లి శత్రువుల కంట పడకూడదు కదా!

పెళ్ళికొడుకు సంగతి చెప్పనా? ఆవిడ పొదగడం మొదలుపెట్టగానే తోటి మగవాళ్ళతో కలిసి సముద్రం మీదికి వెళ్ళిపోతాడు. నాలుగైదు గుడ్లు, దాదాపు 25 రోజులు, ఆవిడ ఒక్కతే. ఆ రోజుల్లో ఇంచుమించు తిండే మానేస్తుంది. బరువులో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. మన ఏకాదశులూ, కార్తీక సోమవారాలూ ఆవిడ ముందు ఏపాటి!

పరుపు కోసం ఆవిడ ఎక్కడికీ పోదు. తన రొమ్ము మీది మెత్తని నూగు తానే పీకి గూట్లో పరుస్తుంది. ఆ నూగులో ఒక పోగు మరో పోగుని పట్టుకుని వదలదు. అందుకే సముద్రపు గాలికి ఎగిరిపోకుండా వెచ్చదనాన్ని నిలుపుతుంది. ఎప్పుడైనా లేచి వెళ్ళాల్సి వస్తే గుడ్లమీద దాన్నే దుప్పటిలా కప్పి వెళుతుంది.

ఇంత మెత్తని వస్తువు కనపడితే మనిషి ఊరుకుంటాడా? రజాయిల్లో నింపుకున్నాడు. ఒక కిలో నూగుకి సుమారు 60 గూళ్ళు కావాలట. అది చదివి నా మనసు చివుక్కుమంది. అరవై మంది తల్లుల రొమ్ము మీది వెచ్చదనం ఎవరి మంచం మీదికో!

కానీ నార్వేలో వేగా దీవుల కథ తెలిశాక కాస్త ఊరట కలిగింది. అక్కడ మగవాళ్ళు చేపలవేటకు పోతే, ఈ బాతుల మంచిచెడ్డలు ఆడవాళ్ళు చూసుకునేవారు. వసంతం రాకముందే రాళ్ళతో, పాత చెక్కలతో చిన్న చిన్న ఇళ్ళు కట్టి, లోపల ఎండిన సముద్రపు నాచు పరిచి ఉంచేవారు. పుట్టింటికి పురిటికొచ్చే ఆడపిల్ల కోసం గది సర్దినట్టే! బాతులు కూడా ఏటేటా ఆ చోటికే వచ్చేవి. అవి ఉన్నన్నాళ్ళూ కుక్కల్ని కట్టేసి, పిల్లల్ని గోల చెయ్యనిచ్చేవారు కాదు. పిల్లబాతులు తల్లి వెంట నీళ్ళలోకి దిగాకే గూట్లో చెయ్యి పెట్టేవారు. తర్వాత తంతులు బిగించిన చెక్కచట్రం మీద, మన దూదేకులవాళ్ళు విల్లు మీటినట్టు మీటి, చెత్త దులిపేవారు.

2004లో యునెస్కో ఆ దీవుల్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చినప్పుడు, ఈ పనిలో ఆడవాళ్ళ పాత్రను ప్రత్యేకంగా చెప్పింది. ఇంటిపనిగా జమకట్టి మరిచిపోకుండా ఒక్కచోటైనా కాగితం మీద రాశారు, సంతోషం.

అమ్మ దగ్గర తీసుకోవడం తప్పేం కాదు. మనమందరం తీసుకున్నవాళ్ళమే. అయితే ఆ దీవులవాళ్ళు ముందు ఆవిడకి నీడ చూపించి, తర్వాత చెయ్యి చాచారు. మన ఇళ్ళలో చెయ్యి ముందొస్తుంది, నీడ మాట ఆవిడ పెద్దదయ్యాక గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ చిన్న దీవుల్లో ఏడాది పొడుగునా కాపురముండేవాళ్ళు తగ్గిపోయారు, బాతులూ తగ్గాయి. అయినా వసంతం రాగానే కొందరు పడవలెక్కి వెళ్ళి, ఆ చిన్న ఇళ్ళు బాగుచేసి, నాచు ఆరబెట్టి, వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.