రెండు రైళ్ళ నడుమ టెల్కో కాలనీ

దూర ప్రయాణాలలో ఒక బండి దిగి మరొక బండి ఎక్కేలోగా చిక్కే వ్యవధిని మనలో చాలామంది శిక్షగా భావిస్తారు. సింగపూరులోని చాంగీ విమానాశ్రయంలో అయిదారు గంటలకు మించి ఆగవలసిన ప్రయాణికులకు ఉచితంగా నగర దర్శనం చేయించే ఏర్పాటు ఉంది. మన జంక్షన్లలో అటువంటి ఆతిథ్యం ఎక్కడిది? ఎవరి ఏర్పాటు వారు చేసుకోవలసిందే. రాంచీలో బంధువుల ఇంట శుభకార్యం ముగించుకొని విశాఖకు తిరిగి వస్తూ మేము టాటానగర్‌లో రైలు మారవలసి వచ్చింది. నడుమ ఎనిమిది గంటలు.

ముందుగా లెక్క. క్లోక్ రూములో సామాను అప్పగించడానికి, తిరిగి తీసుకోవడానికి చెరొక అరగంట. (తాళం లేని పెట్టెను అక్కడ పుచ్చుకోరు, టిక్కెట్టు కూడా చూపాలి.) రానుపోను గంటన్నర. బండి వేళకు గంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండాలి. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కనుక భద్రత కోసం మరో అరగంట తీసివేసి, చేతిలో ఉన్నవి నాలుగు గంటలేనని నిశ్చయించుకున్నాము. ఆ వ్యవధిలో జూబిలీ పార్కు, దల్మా కొండలు, సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమం అన్నీ చూడబోతే చివరకు చూసేది ఆటో డ్రైవరు వీపును మాత్రమే. 1958లో నెహ్రూ గారు ప్రారంభించిన జూబిలీ పార్కుకే ఒక పూర్తి సాయంకాలం కావాలి. అందుచేత ఒక్క చోటునే ఎన్నుకొని, బర్మా మైన్స్ మీదుగా పోయే షేర్ ఆటో ఎక్కి టెల్కో కాలనీలో దిగాము.

ఈ నేల మీద రైలింజన్లు చేయాలన్న సంకల్పం టెల్కో కంటె పాతది. 1921లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టి, ఆర్డర్లు లేక నిలువలేకపోయింది. ఆ షెడ్లు రైల్వే చేతికి వెళ్ళి, అక్కడి నుండి 1945లో టాటాల చేతికి వచ్చాయి. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ, క్లుప్తంగా టెల్కో, అలా పుట్టింది. గుంటూరు నుండి గుంతకల్లుకు మీటరు గేజి మీద పొగబండిలో ప్రయాణించిన మన పాఠకులు వై.పి. తరగతి ఇంజను వెనుక కూర్చునే ఉంటారు. ఆ తరగతి ఇంజన్లు చాలావరకు ఇక్కడ తయారైనవే. 1954లో జర్మనీలోని డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలైంది. 1970లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగింది. 2003లో సంస్థ టాటా మోటార్స్ అయింది. ఇంజన్లు పోయాయి, కంపెనీకి ఆ పేరూ పోయింది. కాలనీ మాత్రం ఈనాటికీ టెల్కోయే.

వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాల ప్రార్థనా మందిరాలు ఉండాలని జంషెడ్జీ టాటా 1902లో కుమారునికి వ్రాసిన ఉత్తరం ప్రసిద్ధం. ఆయన కోరినది ఉక్కు నగరానికి. ఆ పద్ధతి టెల్కోకూ, తరువాత దేశంలోని ఎన్నో కర్మాగారాల కాలనీలకూ పాకింది. చెట్ల క్రింద క్వార్టర్ల వరుసలను చూసి మా శ్రీమతి, "మన సెక్టారులోనే తిరుగుతున్నట్టుందండీ" అన్నది.

గుట్ట మీది భువనేశ్వరి ఆలయానికి ఎక్కాము. గోపురం దక్షిణాది పద్ధతిది. బీహారీ, బెంగాలీ మాటల నడుమ మా తెలుగు విని ఒక పెద్దాయన దగ్గరకు వచ్చారు.

"ఏ ఊరు బాబూ మీది?"

విశాఖ అన్నాము. ఆయనది టెక్కలి ప్రాంతం. శ్రీకాకుళం వైపు నుండి పనికోసం ఇక్కడికి చేరిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి నాన్నగారు పొగింజన్ల కాలంలో వచ్చారు. తాను లారీల కాలంలో చేరి రిటైరయ్యారు. క్వార్టరు అప్పగించి గోవిందపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు హైదరాబాదు వచ్చేయమంటున్నారట.

"టెక్కలి ఎల్తే నన్ను టాటా వోడంటారు. ఇక్కడ మదరాసీ అంటారు. ఐదరాబాదులో ఏటంటారో మరి" అని నవ్వారు. "ఆ క్వార్టరు ముందు మామిడిచెట్టు నా సేత్తో నాటిందే. ఇప్పటికీ అటెల్తే ఓపాలి సూసొస్తాను. మీదీ కంపెనీ క్వార్టరే కదమ్మా? రిటైరయ్యాక ఎక్కడుంటారు?"

ఆమె మా వైపు చూసింది. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉన్నదని చెప్పాము. ఆయన అడిగినది అది కాదు.

తరువాత హుడ్కో చెరువు గట్టున అరగంట నడిచి, లెక్క ప్రకారమే స్టేషనుకు చేరుకున్నాము. బండి నలభై నిమిషాలు ఆలస్యం. అది వచ్చేసరికి విజయనగరమా, గాజువాకా అన్నంతవరకు వచ్చాము, ఇంకా తేలలేదు.