పరుపు, దుప్పటి, తలగడ

"కాసినోల ఊసెత్తకుండా మకావు గురించి రాయగలరా?" అన్నారు మా సంపాదకులు. రాయగలనో లేదో తెలీదు గానీ వెళ్ళడానికి దారి మాత్రం ఉంది. మా మేనకోడలిది హాంకాంగ్‌లో ఉద్యోగం. ఆమె ఆఫీసులో పక్క సీటు కుర్రాడు మకావువాడు. "శనివారం వాళ్ళ అమ్మమ్మ క్రిస్మస్ పిండివంట చేస్తుందట అత్తా, ఒక చెయ్యి తక్కువైందట" అంది ఫోన్లో. పిండివంటకి చెయ్యి తక్కువైందంటే పిలవకపోయినా వెళ్ళే వంశం మాది.

2018లో తెరిచిన సముద్రపు వంతెన మీద బస్సులో ముప్పావుగంట ప్రయాణం. దిగగానే సంపాదకులు వద్దన్న మేడలే ఎదురొచ్చాయి, ఒళ్ళంతా బంగారు రంగు అద్దాలతో. యునెస్కో 2005లో వారసత్వ స్థలంగా గుర్తించిన పాతూరు చూద్దామనుకున్నాను. ఆ కుర్రాడు "తర్వాత చూద్దాం ఆంటీ, అక్కడ పొయ్యి వెలిగించేసింది" అని తొందరపెట్టాడు. సావో లాజరో పేటలో ఒక పాత అపార్ట్‌మెంటు. లిఫ్టు లేదు. నాలుగో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం కన్నా ముందు కొబ్బరి వాసన తగిలింది.

వంటింట్లో ముగ్గురు నిలబడితే నాలుగోవాళ్ళు గుమ్మంలో ఉండాల్సిందే. ఎనభై దాటిన మనిషి, నా భుజందాకా కూడా రాదు, వెడల్పాటి మూకుడు ముందు నిలబడి చెక్క తెడ్డుతో కలుపుతోంది. నమస్కారం పెడితే తలూపిందే గానీ తెడ్డు ఆగలేదు. మూకుట్లో జిగురుబియ్యం పిండి, కొబ్బరి, పంచదార, వెన్న, బాదం. పేరు అడిగాను. "అలువా" అంది.

అంటే హల్వా! పోర్చుగీసు నోట హకారం పలకదు, అది రాలిపోగా మిగిలిన మాట. మూకుట్లో ఉన్నదే ఆ కుటుంబం చరిత్ర కూడా. 1557 నుంచి మకావులో స్థిరపడ్డ పోర్చుగీసువాళ్ళు ఒంటరిగా రాలేదు. గోవా, మలక్కా, జపాన్ దారుల్లో కట్టుకున్న భార్యలు, వెంట వచ్చిన దాసీలు, ఆ తర్వాత చైనా కోడళ్ళు, వీళ్ళందరి పిల్లల పిల్లలే మకనీస్ అనే జనం. మలక్కా నుంచి రొయ్యల ముద్ద వచ్చింది, ఇక్కడ దాని పేరు బలిషావ్. మన సమోసా 'షమూసా' అయింది. ఊరగాయని ఇప్పటికీ 'అచార్' అనే అంటారు. సోయా సాస్ వేసి వేయించిన ఖీమా, చిన్న ముక్కలుగా తరిగిన ఆలుగడ్డ వేపుడు, పైన ఒక గుడ్డు: దాన్ని 'మిన్‌చి' అంటారు, ప్రతి ఇంటి మిన్‌చీ పక్కింటి మిన్‌చీ కన్నా గొప్పదే.

క్రిస్మస్‌కి వీళ్ళు మూడు చేస్తారు. అలువా, పల్చగా వత్తి నూనెలో వేయించే కొష్కొరావ్, తేనె, బాదం కూరిన ఫార్తె. అలువా బాల యేసుకి పరుపు. కొష్కొరావ్ దుప్పటి. ఫార్తె తలగడ. పశువుల పాకలో పుట్టిన బిడ్డకి ఒళ్ళు ఒత్తుకోకుండా పక్క వేస్తున్నారన్నమాట. మా గుంటూరులో పక్కింటివాళ్ళు క్రిస్మస్‌కి అరిసెలు వండి పంచేవాళ్ళు, ఏ అరిసె ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ ఇంట్లో ఎవరూ లేరు.

మనవడు కిటికీ గట్టు మీద ఫోను నిలబెట్టి వీడియో తీస్తున్నాడు. నాకు కాస్త చిరాకేసింది. నా చేతిలో నోటుపుస్తకం ఉన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తులేదు.

తెడ్డు నాకిచ్చింది. రెండు నిమిషాలు తిప్పానో లేదో, మణికట్టు మీద ఒక్క దెబ్బ. మనవడు నవ్వి తర్జుమా చేశాడు: "అంచులు వదిలేస్తున్నారట. అడుగు నుంచి లాగమంటోంది." మళ్ళీ తిప్పాను. మళ్ళీ దెబ్బ, ఈసారి మోచేతి మీద. మా అమ్మ కూడా ఇంతే. పాకం చుక్క చల్లనీళ్ళలో వేసి వేళ్ళతో చుట్టమనేది. ఉండ కట్టకుండా జారిపోతే "ఇంకా రాలేదే మొద్దూ" అనేది. ఆ 'మొద్దూ' అన్న మాట లేకుండా అరిసెల పాకం నాకు రాదు. ఏ పుస్తకంలోనూ ఆ మాట రాయరు.

కలుపుతూనే ఆవిడ గొణుగుతోంది. కంతోనీస్ కొంత, పోర్చుగీసు కొంత. మనవణ్ణి గిల్లి చెప్పమన్నాను. హోటళ్ళలో 'పోర్చుగీసు కోడి' అని అమ్ముతారు కదా, కొబ్బరిపాలు, పసుపు వేసి. పోర్చుగల్‌లో దాని మొహం తెలిసినవాడు ఎవడూ లేడట. "మా అమ్మ చేతి కూరకి వాళ్ళ పేరు పెట్టి మాకే బిల్లు వేస్తారు." కూర సంగతి వంకే, అసలు కోపం వేరే ఉంది. చిన్నప్పుడు ఇంట్లో ఆవిడ అమ్మ, అమ్మమ్మ పతువాలో మాట్లాడుకునేవారు. అది పోర్చుగీసు ఎముకల మీద మలయ్, కొంకణి, సింహళ, కంతోనీస్ కండ పట్టిన మాట. బడిలో ఆ మాట నోరుజారితే పాడు పోర్చుగీసు అని తిట్టేవారు. అందుకని ఈవిడ తన కూతురితో ఒక్కరోజు కూడా పతువా మాట్లాడలేదు. పిల్లకి మంచి ఉద్యోగం రావాలి కదా! వచ్చింది కూడా.

ఇప్పుడు ఆ కూతురి కొడుకు, ఈ ఫోను కుర్రాడు, పతువా నేర్చుకుంటున్నాడు. ఎక్కడ? స్టేజీ మీద. మిగెల్ ద సెన్నా ఫెర్నాండెస్ అనే లాయరు నడిపే 'దోసి పపియసాం ది మకావు' అనే నాటక బృందం 1993 నుంచి పతువాలో హాస్య నాటకాలు వేస్తోంది. 'అదే' అనే పేరుతో రాసిన పతువా కవి జొజే దుష్ శాంతుష్ ఫెరైరా కన్నుమూసిందీ ఆ ఏడాదే. నాటకం నడుస్తుంటే పైన తెర మీద చైనీస్, పోర్చుగీస్, ఇంగ్లీషు అనువాదాలు పడతాయి. కుర్రాడు ఒకసారి చిన్న వేషం వేశాడట. అమ్మమ్మ ముందు వరసలో కూర్చుని, జోకు తెర మీదకి రాకముందే నవ్వేదట. హాలంతా ఆవిడ తర్వాత నవ్వేదట.

ఆ నాటకాన్నీ, ఈ వంటనీ చైనా 2021లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. రిక్షో హోటలు నడిపి ఈ వంటలకి పెద్దదిక్కు అనిపించుకున్న ఆయిదా ద జెజూష్ 105 ఏళ్ళ వయసులో పోయిన ఏడాదీ అదే. జాబితాలు చెడ్డవని నేననను. సిగ్గుపడమని తరతరాలుగా చెప్పించుకున్న జనానికి గర్వపడండని ఎవరైనా అంటే వినడానికి బాగానే ఉంటుంది. తెలంగాణ మాటని సినిమాల్లో రౌడీలకీ, హాస్యగాళ్ళకీ పరిమితం చేసి, తర్వాత అదే మాటకి చప్పట్లు కొట్టిన మనకి ఈ వరస కొత్తేమీ కాదు. నా బాధ మరొకటి. జాబితాలోకి అలువా ఎక్కింది గానీ మణికట్టు మీది దెబ్బ ఎక్కలేదు. స్టేజీ మీద పతువా బతికింది గానీ మూకుడు దగ్గర, పిల్లల్ని కసురుకునే చోట, చచ్చిపోయింది. యునెస్కో 2009లో దాన్ని అంతరించిపోయే దశకి దగ్గరగా ఉన్న భాషల్లో వేసింది. ఒక భాషలో తిట్టేవాళ్ళు లేకపోయాక అందులో నాటకాలు ఎంతమంది చూస్తే ఏమిటి అని అడుగుదామనుకున్నాను. అంతలో కుర్రాడు ఉత్సాహంగా పతువాలో బహువచనం చెప్పసాగాడు. 'కాజా' అంటే ఇల్లు, 'కాజా-కాజా' అంటే ఇళ్ళు. మా 'ఇల్లిల్లూ' లాగా అన్నాను. ఆవిడ మొదటిసారి నా మొహం పూర్తిగా చూసి నవ్వింది. అడగాల్సిన ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది.

అలువా మూకుడు అంచు వదిలి ముద్దవుతోంది. "దీన్ని మీరేమంటారు, ఈ దశని?" అని అడిగాను. మాకు తీగపాకం, ముదురుపాకం, ఉండపాకం అని వేరువేరు మాటలున్నాయని చెప్పాను. ఆవిడ ఆగింది. వాళ్ళమ్మ దీనికి ఒక మాట అనేదట. పెదాలు కదిపింది. రాలేదు. తల అడ్డంగా ఊపింది.

టొరంటోలో చెల్లెలుంది, 1999లో ఊరు చైనా చేతికి వెళ్ళకముందే వెళ్ళిపోయినవాళ్ళలో ఒకావిడ. లిస్బన్, సావో పాలో, శాన్‌ఫ్రాన్సిస్కో, టొరంటో, ఇలా చెదిరినవాళ్ళు ఊరూరా 'కాజా ది మకావు' అని ఇళ్ళు పెట్టుకున్నారు. ఆ చెల్లెలికి గుర్తుంటుందట. అక్కడ శుక్రవారం రాత్రి పది. మనవడు వీడియో ఆపి, గట్టు మీది ఫోను తీసి కలిపిచ్చాడు. ఆవిడ తెడ్డు నాకు అప్పజెప్పి ముందు గదిలోకి నడిచింది.

మొదట పోర్చుగీసు. తర్వాత గొంతులు పెరిగాయి. తర్వాత కుర్రాడు చెవులు రిక్కించాడు, "ఇది పతువా" అన్నాడు మెల్లగా. చెల్లెలు ఒక మాట అంటుంటే అక్క కాదంటోంది. నేను వినడంలో పడ్డాను, మా మేనకోడలు వినడంలో పడింది, తలుపు సందులోంచి కుర్రాడు తల బయటపెట్టి నిలబడ్డాడు.

మాడు వాసన ముందు ఆవిడకే తగిలింది. ఫోను చెవినుంచి తీయకుండానే పరుగున వచ్చి, నా చేతిలో తెడ్డు లాక్కుని, ఏదో అంది. కుర్రాడు దాన్ని తర్జుమా చేయనన్నాడు.