ఏటి మధ్య ఆగిన మోటారు

పిల్లలూ, నూనె డబ్బా తెరిచేటప్పుడు మీ అమ్మ దానికి ఒక రంధ్రం పొడుస్తుందా, రెండా? ఎందుకో చెప్పేముందు నా తప్పొకటి చెబుతాను, వినండి.

మాది మందమర్రి. మా కాక బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఒక సెలవునాడు నన్ను మంచిర్యాల దగ్గర గోదావరికి తీసుకువెళ్ళాడు. అక్కడ ఆయన స్నేహితుడికి ఒక పడవ ఉన్నది. దాని వెనుక అంచుకు మోటారు తగిలించి ఉన్నది. ఇలాంటి మోటార్లను అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లోనే అమ్మకానికి పెట్టాడు. మా పడవలో పెట్రోలు డబ్బా విడిగా ఉన్నది. అందులోంచి రబ్బరు గొట్టం గుండా పెట్రోలు మోటారుకు పోతుంది.

తాడు లాగగానే మోటారు గర్జించింది. ఏటి మధ్యకు చేరామో లేదో, గురగురమని ఆగిపోయింది. మళ్ళీ లాగితే కాస్త తిరిగి మళ్ళీ ఆగింది. పడవ వాలుకు కొట్టుకుపోసాగింది. నా గుండె దడదడలాడింది. పడవ మామ ప్లగ్గు విప్పబోయాడు.

"ఆగు," అన్నాడు కాక. "అంటుకుంటున్నదంటే నిప్పురవ్వ పడుతున్నట్టే. లోపలున్న పెట్రోలు అయ్యేదాకా నడిచి ఆగుతున్నది. కొత్తది రావడం లేదేమో!"

డబ్బా ఎత్తి చూస్తే బరువుగానే ఉన్నది. గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డి మాత్రం నొక్కుకుపోయి ఉన్నది. కాక డబ్బా మూత మీది చిన్న మర వదులు చేశాడు. సుయ్యిమని గాలి లోపలికి పోయింది! ఆ తరువాత మోటారు ఒడ్డు చేరేదాకా ఆగలేదు.

గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలో బరువుతో ఒత్తుతుంది. డబ్బాలో పెట్రోలు తగ్గినకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. రాకపోతే లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. అప్పుడు మోటారు ఎంత పీల్చినా పెట్రోలు రాదు.

"ఆ మర ఎవరు బిగించారు?" అన్నాడు పడవ మామ.

పెట్రోలు వాసన వస్తున్నదని పడవ ఎక్కగానే బిగించింది నేనే! తిడతారేమోనని నోరు పెగలలేదు. చివరకు చెప్పేశాను.

కాక తిట్టలేదు. "యంత్రం ఆగితే, చివరిసారి ఎవరు దేన్ని ముట్టుకున్నారని మొదట అడగాలి. ఆ జవాబు నీ దగ్గరే ఉన్నది. ఏటి మధ్యనే చెప్పి ఉంటే అంతదూరం కొట్టుకుపోయేవాళ్ళం కాదు," అన్నాడు.

నూనె డబ్బా సంగతి ఇప్పుడు మీకే తెలిసింది కదూ? ఒక రంధ్రం నూనె రావడానికి, రెండవది గాలి పోవడానికి. కావాలంటే నీళ్ళ డబ్బాతో చేసి చూడండి. పెట్రోలు జోలికి మాత్రం పోకండి!