కేసు కరిగిపోయాక

బంగారం ధర ఎగిరిందని వార్త చూసినప్పుడల్లా పాత అమెరికన్ జేబు గడియారాలు గుర్తొస్తాయి. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకినప్పుడు వాటి బంగారు కేసులు (పై తొడుగులు) ఎన్నో కరిగిపోయాయి. లోపలి యంత్రానికి, అంటే మూవ్‌మెంట్‌కు, తూకంలో విలువ లేదు కదా, ఊడదీసి పక్కన పడేశారు. వాల్తమ్, ఎల్జిన్, హామిల్టన్ మూవ్‌మెంట్లు నేటికీ ఒంటిగా అమ్మకానికి రావడానికి ఇదొక కారణం.

వాటికి వేరే కేసు తొడిగితే అసలుతనం పోయిందంటారు కొందరు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఆ గడియారాలు తయారైన రోజుల్లో అమెరికన్ ఫ్యాక్టరీలు చాలావరకు మూవ్‌మెంట్‌నే అమ్మేవి; కేసులు చేసే కంపెనీలు వేరు. 16 సైజు, 18 సైజు అంటూ కొలతలు స్థిరపడ్డాయి కాబట్టి, కొనేవాడు తన స్తోమతకు తగ్గ కేసును దుకాణంలోనే ఎంచుకునేవాడు. మొదటి జోడీయే కౌంటర్ మీద కుదిరినప్పుడు, అదే కాలపు ఖాళీ కేసు తెచ్చి కుదిరిస్తే తప్పేముంది? పాటెక్ ఫిలిప్ లాంటి స్విస్ గడియారాల సంగతి వేరు. అక్కడ మూవ్‌మెంట్, కేసు నంబర్లు రెండూ కంపెనీ రికార్డుల్లో ఉంటాయి.

మరి మోసం మాటేమిటి అంటారా? ఆ భయం న్యాయమైనదే. మార్చిన సంగతి దాచి అమ్మితే అది మోసమే. కేసు అంచున రెండో జత స్క్రూ గుర్తులుంటే అనుమానించాల్సిందే. చేతి గడియారం చేద్దామని మూవ్‌మెంట్ ప్లేటును అరగదీయడం మాత్రం నేను ఒప్పుకోను (ఎంత అందంగా వచ్చినా సరే). కేసును ఎంతైనా మార్చండి, మూవ్‌మెంట్‌కు ఆకురాయి తగలనివ్వకండి.

మీ ఇంట్లో ఇలాంటి కేసు లేని గడియారం ఉంటే పారేయకండి. కామెంట్లో ఫొటో పెట్టండి, చూద్దాం.