బాణలి యడుగున పెచ్చు

అరకు కొండలలోని మా యింట జీలుగు నీరా కాచి బెల్లము చేయుదుము. నీరా పులియకుండుటకై చెట్టునకు గట్టు కుండ లోపల సున్నము పూయుదురు. కాచునపుడు ఆ సున్నమే బాణలి యడుగున సుద్దవలె పేరుకొనును. అచ్చట వేడి సరిగా పైకెక్కదు, పాకము మాడును.

ఒక శీతకాలమున బాణలి తోముట నా వంతు. బద్ధకించి బూడిదతో పైపైన రుద్ది యూరకుంటిని. మరునాటి బెల్లము నల్లనై చేదెక్కెను. సంతలో దానిని ముట్టినవారు లేరు. నా పుస్తకముల సొమ్ము అందే యుండెను! భయపడి గునపముతో పెచ్చు గీకితిని. ఇనుమునకు గంట్లుపడి, వానిలో పాకము మఱింత యంటుకొనెను.

అమ్మ తిట్టలేదు. సున్నము పూయ మఱచిన కుండలో నీరా సిర్కావలె పులిసియుండెను. కల్లు మా యింట నిషిద్ధము గనుక పారబోయబోతిని. అమ్మ వారించి బాణలిలో పోయించెను. రాత్రియంతయు సన్నని బుడగలు లేచెను. తెల్లవాఱి వరిగడ్డితో రుద్దగా పెచ్చు ఊడివచ్చెను. కెనడాలో మేపులు చెట్ల పానకము కాచువారును పులిసిన చెట్టునీటితో పెనములు శుభ్రపఱతురని పిమ్మట చదివి యబ్బురపడితిని.

వెంటనే కడిగి యారబెట్టకున్న ఇనుము త్రుప్పుపట్టును. నేను పెట్టిన గంట్లు నేటికిని గలవు. అమ్మ ఆ వైపున మంట తగ్గించి కాచుచున్నది.